పదమూడు నియమాల మాస్టారు - జేమ్స్ నైస్మిత్

పోయిన వార్షికోత్సవం ఆటల పోటీల్లో బాస్కెట్‌బాల్ ఫైనల్ మధ్యలో ఎందుకు ఆగిపోయిందో మన హాస్టల్లో అందరికీ తెలుసు. తెలియని పాత విద్యార్థుల కోసం రెండు మాటల్లో చెబుతాం. ఆ రోజు రెఫరీగా రావాల్సిన సారు రాలేదు. ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్న మన తమ్ముడొకడు విజిల్ పట్టుకున్నాడు. ఆట ఇంకో రెండు నిమిషాలుందనగా మా జట్టు వాడు బంతితో నిలబడి, డ్రిబుల్ మొదలు పెట్టబోతూ కాలు కదిపాడు. విజిల్ మోగింది. ట్రావెలింగ్ అని బంతి అవతలి జట్టుకు ఇచ్చాడు. మేమంతా వాడి మీద పడ్డాం. అవతలి వాళ్ళు ఏం పెట్టారని అడిగాం. నిన్న మొన్న బంతి పట్టుకున్నవాడివి నువ్వు మాకు చెప్పేదేంటన్నాం. వాడు విజిల్ మెడలోంచి తీసి నేల మీద పెట్టి మెస్ వైపు వెళ్ళిపోయాడు. ఆట అక్కడితో సరి.

మర్నాడు పీఈటీ సారు రూల్సు పుస్తకం తెచ్చి ఆ పేజీ తీసి మాతోనే చదివించారు. నిలబడి ఉన్న ఆటగాడు డ్రిబుల్ మొదలు పెట్టేటప్పుడు బంతి చేతిలోంచి వదిలాకే పివట్ కాలు ఎత్తాలి. మా వాడు ముందే ఎత్తాడు. అంటే తమ్ముడు చెప్పింది నూటికి నూరు పాళ్ళు సరైనది. నాలుగేళ్ళుగా ఆడుతున్న మాకు ఆ రూలు తెలియదు. సిగ్గుగా అనిపించింది. అసలీ రూల్సు ఎవరు రాశారు, ఎందుకు రాశారు అని వెతకడం మొదలు పెడితే ఒక మనిషి జీవితం దొరికింది. మన హాస్టల్ పిల్లలం తప్పకుండా తెలుసుకోవాల్సిన జీవితమనిపించి ఈ సంచికకు రాస్తున్నాం.

ఆయన పేరు జేమ్స్ నైస్మిత్. 1861 నవంబర్ 6న కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో ఆల్మాంట్ అనే ఊరి దగ్గర పుట్టాడు. తల్లిదండ్రులది స్కాట్లాండ్ నుంచి వలస వచ్చిన కుటుంబం. తండ్రి రంపపు మిల్లు పనికి వేరే చోటికి తీసుకెళ్తే అక్కడ టైఫాయిడ్ వచ్చింది. 1870లో మూడు వారాల తేడాలో తండ్రీ తల్లీ ఇద్దరూ పోయారు. అప్పటికి జేమ్స్‌కు తొమ్మిదేళ్ళు. అక్కనూ తమ్ముడినీ జేమ్స్‌నూ అమ్మమ్మ చేరదీసింది. కొన్నాళ్ళకు ఆమె కూడా పోయింది. పెళ్ళి చేసుకోని మేనమామ పీటర్ యంగ్ ఆ ముగ్గురినీ తన పొలం మీద పెంచాడు. మన హాస్టల్లో అమ్మమ్మ దగ్గరి నుంచీ మేనమామ ఇంటి నుంచీ వచ్చిన వాళ్ళు ఎంతమంది ఉన్నారో లెక్క పెట్టుకుంటే ఈ కథ మనకు కొత్తదేమీ కాదు.

మేనమామ గట్టి మనిషి. పని చేయించేవాడు, చేస్తుంటే పక్కన నిలబడి సాయం చేసేవాడు కాదు. ఒకసారి చలికాలంలో గడ్డకట్టిన నదిని గుర్రాలతో దాటుతుంటే మంచు పగిలిందట. కుర్రవాడు ఎలాగో తంటాలు పడి గుర్రాలను ఒడ్డుకు లాక్కొచ్చాడు. తలెత్తి చూస్తే చెట్ల చాటున మేనమామ నిలబడి ఉన్నాడు. అంతసేపూ చూస్తూనే ఉన్నాడు గాని చేయి వేయలేదు. ఆ పెంపకం మంచిదా చెడ్డదా అని మాలో మాకు చాలా వాదన జరిగింది. చేయి వేసి ఉండాల్సిందని మాలో ఎక్కువ మంది అన్నారు.

ఆ పల్లెలో కమ్మరి కొట్టం వెనక పిల్లలు ఒక ఆట ఆడేవారు. పెద్ద బండ మీద పిడికెడంత రాయి పెడతారు. ఒకడు దానికి కాపలా. మిగతా వాళ్ళు గీత దగ్గర నిలబడి తమ రాళ్ళతో ఆ చిన్న రాయిని పడగొట్టాలి. పడగొట్టాక తన రాయి తాను తీసుకుని కాపలావాడికి దొరకకుండా వెనక్కి పరుగెత్తాలి. బలంగా సూటిగా విసిరితే రాయి ఎక్కడో దూరంగా పోయి పడుతుంది, తెచ్చుకునేలోపు దొరికిపోతారు. మెల్లగా పైకి ఎత్తి విల్లులా వంపుగా వేస్తే పని అవుతుంది. మన పల్లెల్లో ఏడు పెంకులాట ఆడిన వాళ్ళకు ఇది వెంటనే అర్థమవుతుంది. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, తరువాత పనికి వస్తుంది.

పదిహేనేళ్ళ వయసులో జేమ్స్ హైస్కూలు మానేశాడు. అడవిలో చెట్లు నరికే కూలీగా దాదాపు అయిదేళ్ళు పని చేశాడు. కలప కూలీల మధ్య తాగుడు అలవాటు కాబోతుంటే, ఒకరోజు మద్యం కొట్టులో ఒక పెద్దాయన, నువ్వు ఫలానా మార్గరెట్ కొడుకువి కదూ, నిన్నిక్కడ చూస్తే మీ అమ్మ ఏమంటుంది అనే అర్థం వచ్చేలా అన్నాడనీ, గ్లాసు అక్కడే పెట్టి వచ్చేశాడనీ చెబుతారు. ఏమైతేనేం, ఇరవై ఏళ్ళ వయసులో తనకన్నా చిన్న పిల్లల పక్కన బెంచీ మీద కూర్చుని మళ్ళీ హైస్కూలు చదివాడు. 1883లో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో చేరాడు. పదో తరగతి తప్పి పనికి వెళ్ళిపోయిన మన మిత్రులకు ఈ పేరా చూపించండి.

మెక్‌గిల్‌లో ఆయన జిమ్నాస్టిక్స్‌లో పతకాలు తెచ్చుకున్నాడు, రగ్బీ ఆడాడు. డిగ్రీ అయ్యాక పాదిరి కావాలని మత విద్య చదివాడు. ఆ రోజుల్లో దైవభక్తి గలవాళ్ళు ఆటలను చెడు అలవాటు కింద లెక్క వేసేవారు. ఇతను శనివారం రగ్బీ ఆడి, ఆదివారం నల్లగా కమిలిన కళ్ళతో ప్రసంగం చేయడానికి నిలబడితే చూసిన వాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. ఒక ఆటలో జట్టులోని వాడు కోపంతో బూతు మాట అన్నాడు. వెంటనే పక్కన జేమ్స్ ఉన్నాడని చూసుకుని క్షమించమన్నాడు. జేమ్స్ ఎన్నడూ ఎవరినీ ఏమీ అనలేదు, నీతులు చెప్పలేదు. పక్కన నిలబడి సరిగ్గా ఆడితే చాలు, మనుషుల మీద పని చేస్తుందని ఆ రోజు అతనికి తోచింది. పాదిరి పని గుడిలోనే కాదు, మైదానంలో కూడా చేయవచ్చని నిర్ణయించుకుని 1890లో అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌కు వెళ్ళాడు. అక్కడ వైఎంసీఏ వారి శిక్షణ పాఠశాల ఉంది. మొదట విద్యార్థిగా, ఆ తరువాత మాస్టారుగా ఉన్నాడు.

1891 శీతాకాలం. బయట మంచు, ఫుట్‌బాల్ లేదు, బేస్‌బాల్ లేదు. జిమ్‌లో డ్రిల్లు, కసరత్తు మాత్రమే. పద్దెనిమిది మంది ఉన్న ఒక తరగతి ఎదురు తిరిగింది. వాళ్ళు చిన్నపిల్లలు కారు, వైఎంసీఏ కార్యదర్శులు కావడానికి వచ్చిన ఎదిగిన మగవాళ్ళు. ఇద్దరు మాస్టార్లు వాళ్ళ చేత కాలేక తప్పుకున్నారు. శాఖాధిపతి డాక్టర్ లూథర్ గులిక్ ఆ తరగతిని నైస్మిత్‌కు అప్పగించి, లోపల ఆడడానికి కొత్త ఆట ఒకటి కనిపెట్టమన్నాడు. గడువు రెండు వారాలు.

మొదట ఉన్న ఆటలనే గదిలోకి తెద్దామని చూశాడు. రగ్బీ ఆడిస్తే చెక్క నేల మీద ఎముకలు విరుగుతాయి. సాకర్ ఆడిస్తే కిటికీలు పగిలాయి. లక్రాస్ కర్రలు ఆ చిన్న గదిలో పనికి రాలేదు. గడువు దగ్గర పడింది. అప్పుడాయన కూర్చుని ఒక్కో మెట్టూ ఆలోచించాడు. ఈ జీవితంలో మాకు అన్నిటికన్నా నచ్చిన భాగం ఇదే, అందుకని కొంచెం వివరంగా రాస్తాం.

రగ్బీలో దెబ్బలు ఎందుకు తగులుతున్నాయి? ఆటగాణ్ణి కింద పడేస్తున్నారు కాబట్టి. ఎందుకు పడేస్తున్నారు? బంతి పట్టుకుని పరుగెత్తుతున్నాడు కాబట్టి, ఆపడానికి వేరే దారి లేదు. అయితే బంతి పట్టుకుని పరుగెత్తడమే లేకపోతే? అప్పుడు పడేయాల్సిన పని లేదు. ట్రావెలింగ్ అనే రూలు పుట్టింది ఇక్కడే. అది ఎవరినో ఇబ్బంది పెట్టడానికి పెట్టిన షరతు కాదు, ఆట మొత్తం దాని మీదే నిలబడి ఉంది. మేము ఫైనల్లో గొడవ పడింది సరిగ్గా ఆ పునాది రాయి మీదనే.

తరువాత గోల్ సంగతి. నేల మీద నిలువుగా గోల్ పెడితే బలంగా విసురుతారు, మళ్ళీ దెబ్బలు. అప్పుడు చిన్నప్పటి బండ మీది రాయి ఆట గుర్తుకొచ్చింది. గోల్‌ను పడుకోబెట్టి తల కన్నా పైన పెడితే? బలం పనికి రాదు, బంతిని వంపుగా, నేర్పుగా వేయాలి. గోల్ చుట్టూ గుంపుగా నిలబడి అడ్డుకోవడమూ కుదరదు.

కాపలాదారు స్టెబిన్స్‌ను పద్దెనిమిది అంగుళాల చదరపు పెట్టెలు రెండు కావాలని అడిగాడు. పెట్టెలు లేవు, పీచ్ పళ్ళు పోసే బుట్టలు రెండున్నాయి అన్నాడతను. పెట్టెలు దొరికి ఉంటే ఈ ఆటను ఏమని పిలిచేవారో! బుట్టలను జిమ్ చుట్టూ ఉన్న వసారా అంచుకు మేకులతో కొట్టారు. ఆ అంచు నేల నుంచి పది అడుగుల ఎత్తు. ఈనాటికీ ప్రపంచమంతటా రింగు ఎత్తు పది అడుగులే, అంటే 3.05 మీటర్లు. మన స్కూలు గ్రౌండులో వంగిపోయిన స్తంభం మీది రింగు మాత్రం కొలిస్తే ఇంకా తక్కువ వచ్చింది.

ఆ తరువాత నైస్మిత్ పదమూడు నియమాలు రాశాడు. ఆఫీసులో పనిచేసే ఆవిడ రెండు కాగితాల మీద టైపు చేసి ఇచ్చింది. వాటిని నోటీసు బోర్డుకు గుచ్చాడు. 1891 డిసెంబర్ 21న పద్దెనిమిది మందిని తొమ్మిదేసి మందిగా పంచి, సాకర్ బంతిని మధ్యలో తానే పైకి ఎగరేశాడు. ఆ ఆటలో ఒకే ఒక్క గోల్ పడింది. విలియం చేజ్ అనే విద్యార్థి దూరం నుంచి వేశాడు. బుట్టకు అడుగు ఉంది కాబట్టి బంతిని తీయడానికి నిచ్చెన కావలసి వచ్చింది.

మొదటి ఆట ఎలా సాగిందో ఆయన తరువాత పుస్తకంలో రాసిన తీరు నెమ్మదిగానే ఉంటుంది. జట్టుగా ఆడడం ఎవరికీ తెలియదనీ, ఫౌల్ చేసిన వాళ్ళను పక్కన కూర్చోబెడితే ఒక్కోసారి సగం జట్టు బయటే ఉండేదనీ చెప్పాడు. కాని 1939 జనవరిలో న్యూయార్క్ రేడియోలో మాట్లాడినప్పుడు చెప్పింది ఇంకా ఘాటుగా ఉంది. ఆ రికార్డును కాన్సాస్ విశ్వవిద్యాలయం అధ్యాపకుడు ఒకరు వెతికి పట్టుకుంటే 2015లో లోకానికి తెలిసింది. అందులో ఆయన చెప్పిన దాని ప్రకారం, మొదటిసారి బంతి వేయగానే కుర్రాళ్ళు తన్నుకున్నారు, గుద్దుకున్నారు, కింద పడేసుకున్నారు. విడదీసేసరికి ఒకడు స్పృహ తప్పాడు, కొందరికి కళ్ళు కమిలాయి, ఒకడికి భుజం జారింది. రూల్సు చాలవని, బంతితో పరుగెత్తకూడదన్న నియమాన్ని ఆ తరువాతే పెట్టానన్నట్టు చెప్పాడు. రెండు కథలూ పూర్తిగా కలవవు. నలభై ఏడేళ్ళ తరువాత ముసలాయన జ్ఞాపకం కదా. అయినా తన ఆట కొట్లాటతో మొదలైందని దాన్ని కనిపెట్టినవాడే ఒప్పుకోవడం మాకు కొంత ఊరటనిచ్చింది.

ఇక ఆ పదమూడు నియమాల్లో రెఫరీల సంగతి. ఇది మన హాస్టల్లో ఆడించే వాళ్ళందరూ చదవాలి. నైస్మిత్ ఒకరిని కాదు, ఇద్దరిని పెట్టాడు. పదో నియమం ప్రకారం అంపైర్ మనుషులను చూస్తాడు. ఎవరు నెట్టారు, ఎవరు పట్టుకున్నారు, ఎవరు కొట్టారు అన్నది అతని పని. ఫౌళ్ళు రాసుకుంటాడు, ఆటగాణ్ణి బయటికి పంపే అధికారం అతనిదే. పదకొండో నియమం ప్రకారం రెఫరీ బంతిని చూస్తాడు. బంతి ఆటలో ఉందా, గీత దాటిందా, ఏ జట్టుకు చెందుతుంది, గోల్ పడిందా అన్నది అతని పని. కాలం, లెక్క కూడా అతనివే. ఇప్పుడు లెక్కకూ గడియారానికీ వేరే బల్ల ఉంది, అధికారుల సంఖ్యా పెరిగింది. కాని ఆ పాత విభజన లోపల అలాగే ఉంది. ఇద్దరు అధికారులు ఆడిస్తున్నప్పుడు ఒకరు బంతి ఉన్న చోటును చూస్తుంటే, రెండోవారు బంతి లేని వైపు చూడాలి.

మనం ఆడించేటప్పుడు చేసే మొదటి తప్పు ఇదే. చూడ్డానికి వచ్చినవాడిలాగే రెఫరీ కూడా బంతినే చూస్తాడు. ఇద్దరు రెఫరీలున్నా నాలుగు కళ్ళూ బంతి మీదే. ఈలోగా బుట్ట కింద మోచేయి పడుతుంది. దెబ్బ తిన్నవాడు తిరిగి కొడతాడు. అప్పుడు తల తిప్పిన రెఫరీకి రెండోవాడే కనబడతాడు, విజిల్ వాడి మీద మోగుతుంది. అన్యాయం అంటూ గొడవ. సగం గొడవలకు కారణం రెఫరీ పక్షపాతం కాదని, అతని చూపు ఉండాల్సిన చోట లేకపోవడమేనని మాకు ఇప్పుడు అర్థమైంది.

ఇంకో రెండు సంగతులు. మూడో నియమంలో బంతితో పరుగెత్తకూడదు అని రాసి, వేగంగా వస్తూ పట్టుకున్నవాడు ఆగడానికి ప్రయత్నిస్తే కొంత వెసులుబాటు ఇవ్వాలని కూడా రాశాడు. ఎన్ని అడుగులో చెప్పలేదు. అది చూసేవాడి విచక్షణకు వదిలేశాడు. తరువాతి వాళ్ళు దాన్ని అడుగుల లెక్కగా, పివట్ కాలుగా బిగించారు. అయిదో నియమంలో భుజంతో తోయడం, పట్టుకోవడం, నెట్టడం, కాలు అడ్డం పెట్టడం, కొట్టడం కూడదు. మొదటిసారి ఫౌల్, రెండోసారి చేస్తే తరువాతి గోల్ పడేదాకా బయట కూర్చోవాలి. గాయపరచాలనే ఉద్దేశం కనబడితే ఆట మొత్తం బయటే, అతని బదులు ఇంకొకడు రాకూడదు. అంటే తగిలిందా లేదా అన్నదొక్కటే కాదు, ఎందుకు తగిలించాడో కూడా అంపైర్ చూడాలి. ఇప్పటి పుస్తకంలో కూడా తగిలిన ప్రతిదీ ఫౌల్ కాదు. అనుకోకుండా రాసుకుపోయి ఎవరికీ నష్టం లేకపోతే ఆట సాగనివ్వాలి. ఒక జట్టు వరసగా మూడు ఫౌళ్ళు చేస్తే అవతలి వాళ్ళకు ఒక గోల్ అన్నది ఏడో నియమం. ఫ్రీ త్రో కొన్నేళ్ళ తరువాత వచ్చింది. బయటి నుంచి బంతి వేయడానికి అయిదు సెకన్లు అన్న తొమ్మిదో నియమం మాత్రం ఈనాటికీ చెక్కు చెదరలేదు.

1892 జనవరి 15న ఆ నియమాలు పాఠశాల పత్రికలో అచ్చయ్యాయి. మనలాంటి విద్యార్థుల పత్రికే కాబట్టి ఈ మాట రాస్తుంటే మాకు కొంచెం గర్వంగా ఉంది. మార్చి 11న సుమారు రెండు వందల మంది చూస్తుండగా మాస్టార్లకూ విద్యార్థులకూ పోటీ జరిగింది. విద్యార్థులు 5-1తో గెలిచారు. మాస్టార్ల జట్టులో నైస్మిత్, గులిక్ ఇద్దరూ ఆడారు. ఆ ఒక్క గోల్ వేసింది ఫుట్‌బాల్ వీరుడు స్టాగ్. ఫుట్‌బాల్ అలవాటు వదలక ఎక్కువ ఫౌళ్ళు చేసిందీ ఆయనే. నియమాలు రాసినవాడు కూడా తన నియమాల కింద ఆడి ఓడిపోయాడన్నమాట.

ఆ మొదటి తరగతి వాళ్ళు వైఎంసీఏ పనుల మీద దేశదేశాలకు వెళ్ళి ఆటను వెంట తీసుకెళ్ళారు. వాళ్ళలో డంకన్ పాటన్ అనే ఆయన 1894లో మన దేశానికి తెచ్చాడు. 1920లో మద్రాసులో వైఎంసీఏ వ్యాయామ విద్యా కళాశాల పెట్టిన హారీ బక్ కూడా స్ప్రింగ్‌ఫీల్డ్‌లో చదివినవాడే. మన పాత తరం పీఈటీ సార్లలో కొందరు ఆ మద్రాసు కళాశాలలో చదివి వచ్చినవాళ్ళు. అలా చూస్తే స్ప్రింగ్‌ఫీల్డ్ జిమ్ నుంచి మన గ్రౌండు దాకా దారి మరీ పొడవేమీ కాదు.

నైస్మిత్ 1894లో మాడ్ షెర్మన్‌ను పెళ్ళి చేసుకున్నాడు. ఆడవాళ్ళు ఆడిన తొలి ఆటల్లో ఆమె ఆడింది. అయిదుగురు పిల్లలు. డెన్వర్‌లో వైఎంసీఏ పని చేస్తూనే వైద్యం చదివి 1898లో డాక్టర్ అయ్యాడు. ఆ ఏడే కాన్సాస్ విశ్వవిద్యాలయంలో వ్యాయామ విద్య చెప్పడానికీ ప్రార్థనలు నడపడానికీ చేరాడు. తరువాత జీవితమంతా ఆ లారెన్స్ ఊళ్ళోనే. అక్కడ బాస్కెట్‌బాల్ జట్టుకు 1907 వరకు శిక్షకుడు. 55 ఆటలు గెలిచి 60 ఓడాడు. ఆ విశ్వవిద్యాలయం జట్టు శిక్షకుల్లో గెలుపుల కన్నా ఓటములు ఎక్కువున్నది ఆట కనిపెట్టిన ఈయన ఒక్కడికే! ఆయనకు అది పెద్ద బాధ కాలేదు. ఇది ఆడుకునే ఆట గాని శిక్షణ ఇచ్చి గెలిపించే ఆట కాదన్నది ఆయన అభిప్రాయం. ఆయన శిష్యుడు ఫాగ్ ఆలెన్ ఆ మాట వినకుండా శిక్షకుడై చాలా పేరు తెచ్చుకున్నాడు. ఈ విషయంలో గురువు పొరబడ్డాడనే మేమూ అనుకుంటాం. ప్రతి గోల్ తరువాత మధ్యలో బంతి ఎగరేసే పద్ధతిని 1937లో తీసేస్తే కూడా ఆయనకు నచ్చలేదు. అది తీసేశాకే ఆటకు వేగం వచ్చింది.

ఆటను పేటెంటు చేయలేదు, దాని మీద సంపాదించలేదు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఫ్రాన్స్ వెళ్ళి వైఎంసీఏ తరఫున సైనికుల మధ్య పని చేశాడు. 1936లో బెర్లిన్ ఒలింపిక్స్‌లో బాస్కెట్‌బాల్ పతకాల క్రీడగా తొలిసారి ప్రవేశించినప్పుడు, ఆయన ప్రయాణ ఖర్చుల కోసం అమెరికాలోని శిక్షకుల సంఘం వాళ్ళు చందాలు పోగు చేయాల్సి వచ్చింది. ఫైనల్ ఆరుబయట వానలో బురదలో జరిగింది. బంతి నేలకు కొడితే లేవలేదు. అమెరికా 19, కెనడా 8. పతకాలు ఆయన చేతుల మీదుగానే ఇచ్చారు. ఒకటి పుట్టిన దేశం, ఇంకొకటి 1925లో పౌరసత్వం తీసుకున్న దేశం.

ఇంకొక సంగతి చెప్పకపోతే ఈ వ్యాసం మా దృష్టిలో అసంపూర్తిగా ఉంటుంది. 1933లో జాన్ మెక్‌లెండన్ అనే నల్లజాతి విద్యార్థి కాన్సాస్‌లో వ్యాయామ విద్యలో చేరాడు. విశ్వవిద్యాలయం జట్టులో నల్లవాళ్ళను ఆడనిచ్చేవారు కాదు. ఆట కనిపెట్టిన మనిషి ఉన్న ఊళ్ళోనే ఈ పద్ధతి! డిగ్రీకి ఈత పరీక్ష తప్పనిసరి, ఈత కొలనులో మాత్రం వాళ్ళకు ప్రవేశం లేదు. మెక్‌లెండన్ దిగి ఈదాడు. అతను దిగాడని కొలనులో నీళ్ళన్నీ తోడించేశారు. చెరువు గట్టు మీద, బావి దగ్గర మన తాతలు ఏం పడ్డారో విన్న మనకు ఈ నీళ్ళ కథకు వివరణ అక్కర్లేదు. డెబ్భై ఏళ్ళు దాటిన నైస్మిత్ ఆ కుర్రవాడి పక్షాన నిలబడ్డాడు, తన శిష్యుడిగా తీసుకుని ఆటలోని మెళకువలన్నీ నేర్పాడు. జట్టు తలుపులు మాత్రం తెరిపించలేకపోయాడు. అంతకు ముందు అన్నేళ్ళు ఆ తలుపుల గురించి ఆయన ఎంత గట్టిగా అడిగాడన్నది మేమూ అడగదలచుకున్న ప్రశ్నే. నియమాలు పదమూడూ అందరికీ ఒకటే, ఆడే చోటులోకి రానిచ్చేది మాత్రం కొందరినే.

మెక్‌లెండన్ 1936లో డిగ్రీ పూర్తి చేసి శిక్షకుడయ్యాడు. 1944 మార్చి 12, ఆదివారం. ఉత్తర కరొలినాలోని డర్హమ్ ఊరంతా చర్చిలో ఉన్న సమయంలో, అతని నల్లజాతి కళాశాల జట్టు డ్యూక్ వైద్య కళాశాల తెల్లవాళ్ళ జట్టుతో తలుపులు వేసుకుని ఆడింది. అప్పటి పద్ధతుల ప్రకారం అలా కలిసి ఆడడమే నేరం. చూసే జనం లేరు. గడియారం ఉంది, రెఫరీ ఉన్నాడు. మెక్‌లెండన్ జట్టు 88-44తో గెలిచింది. ఆ తరువాత రెండు జట్లనూ కలిపి పంచుకుని ఇంకో ఆట ఆడారు. చాలా ఏళ్ళ వరకు ఈ సంగతి బయటికి రాలేదు.

అది చూడడానికి నైస్మిత్ లేడు. భార్య మాడ్ 1937లో పోయింది. 1939లో మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. ఆ ఏడు నవంబర్ 28న మెదడులో రక్తస్రావమై లారెన్స్‌లోనే చనిపోయాడు. డెబ్భై ఎనిమిదేళ్ళు. ఆయన రాసిన పుస్తకం 1941లో, పోయాక అచ్చయింది. 1959లో స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఆయన పేరు మీదనే బాస్కెట్‌బాల్ కీర్తి మందిరం పెట్టారు. ఆటగాళ్ళతో, శిక్షకులతో పాటు రెఫరీలకు కూడా అందులో చోటు ఇచ్చారు. మెక్‌లెండన్‌ను 1979లో ఒకసారి, 2016లో శిక్షకుడిగా మళ్ళీ ఒకసారి చేర్చారు. నోటీసు బోర్డుకు గుచ్చిన ఆ రెండు టైపు కాగితాలు 2010 డిసెంబర్‌లో వేలానికి వస్తే 43 లక్షల డాలర్లు దాటి పలికాయి. ఇప్పుడవి కాన్సాస్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి.

మేము ఆ పదమూడు నియమాలనూ తెలుగులో రాసి, పక్కన ఇప్పటి రూలు ఏమిటో కూడా రాసి, మెస్ ముందున్న బోర్డుకు అంటించాం. తమ్ముడి దగ్గరికి వెళ్ళి తప్పు మాదేనని చెప్పాం. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు సాయంత్రం గ్రౌండుకు వచ్చి, విజిల్ ఇవ్వండి గాని ఇద్దరుంటేనే ఆడిస్తానన్నాడు. ఈ వార్షికోత్సవం పోటీలకు వాడు రెఫరీ, మాలో ఒకరం అంపైర్. పోయినేడు ఆగిపోయిన ఆ ఫైనల్ మళ్ళీ మొదటి నుంచి ఆడించమని అవతలి జట్టును అడిగాం. వస్తామన్నారు.